సిస్టర్ గారి చార్టు

మూడేళ్లుగా చప్పుడు లేని వాట్సాప్ గ్రూపు ఒకటి నా ఫోన్లో అడుగున పడి ఉంది. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఐదుగురం అద్దెకున్నప్పుడు పెట్టుకున్నది. గిన్నెలు తోమే వంతు ఎవరిది, మెట్ల మీద మంచు తీసే వంతు ఎవరిది అన్న తగాదాల కోసం పుట్టిన గ్రూపు. మొన్న మంగళవారం ఆఫీసులో లంచ్ డబ్బా తెరుస్తుంటే అందులో మెసేజ్ వచ్చింది. అప్పట్లో మాతో ఉన్న విజయవాడ అమ్మాయి, ఇప్పుడు కాల్గరీలో ఉంటోంది, తను పెట్టింది. "సిస్టర్ గారు పొద్దున పోయారు. క్యాన్సర్ అంట. మనకెవరికీ తెలీదు."

డబ్బా మూత పెట్టేశాను. ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. మా అందరి కడుపునొప్పులూ జ్వరాలూ అడిగి మరీ తెలుసుకున్న మనిషి, తన జబ్బు సంగతి ఒక్కరికీ చెప్పకుండా వెళ్లిపోవడమేమిటని.

ఆమె పేరు రాయను. మాలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. నర్సాపురం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు నర్సుగా చేశారు, చివరి ఏడేళ్లు హెడ్ నర్సు. మన దగ్గర నర్సుల్ని సిస్టర్ అనే పిలుస్తాం కదా, ఆ పిలుపే ఆమెతోపాటు విమానం ఎక్కి వచ్చింది. వచ్చింది మాత్రం నర్సుగా కాదు, మాలాగే స్టూడెంట్ వీసా మీద. నలభై ఏడేళ్ల వయసులో, హెల్త్ కేర్ ఎయిడ్ కోర్సుకి. ముసలివాళ్లకి స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం నేర్పే కోర్సు అది.

ఆ ఏళ్లలో మన పిల్లలు విమానాల నిండా దిగుతున్నారు. కాలేజీ కారిడార్లో తెలుగు వినపడని మూల లేదు. బేస్‌మెంట్‌లో ఒక పరుపు ఖాళీ అయితే సాయంత్రానికల్లా దాని మీద ఇంకొకరి సూట్‌కేసు ఉండేది. అలా ఒక జనవరిలో, బయట మైనస్ ముప్పై ఉన్న రోజున, ఆ ఖాళీ పరుపు మీదికి ఆమె వచ్చారు. మేం నలుగురం ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లం. మా మొహాలు వేలాడిపోయాయి. ఇంట్లో అమ్మ గోల తప్పించుకుని ఇంత దూరం వస్తే, ఇక్కడ ఇంకో అమ్మ దిగిందని.

ఆ భయం నిజమే అయింది. కోటు విప్పగానే మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుని, మమ్మల్ని వరసగా ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి, బొటనవేలితో కంటి కింద రెప్ప కిందికి లాగి చూశారు.

"నీకు రక్తం లేదు. నీకూ లేదు. నీకసలే లేదు," అన్నారు. నా దగ్గరికొచ్చి ఇంకాసేపు చూసి, "నిద్ర కూడా లేదు," అన్నారు.

ఆ తర్వాత రెండు వారాలు మాకు బీట్‌రూట్ తప్ప ఇంకో కూర తెలియదు.

క్లాసులో ఆమె సంగతి నేనొకసారి చూశాను. ఆమె లైబ్రరీ కార్డు ఇంట్లో మర్చిపోతే ఇవ్వడానికి వెళ్లాను. ల్యాబ్‌లో ప్లాస్టిక్ బొమ్మ పడుకున్న మంచం మీద దుప్పటి ఎలా మార్చాలో, ఒక ఇరవై ఐదేళ్ల అమ్మాయి చెబుతోంది. సిస్టర్ గారు ముందు వరసలో నిలబడి, పెన్ను చేత్తో పట్టుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. ఆమె వంతు వచ్చినప్పుడు చేసి చూపించారు. ఆ అమ్మాయి మూల మడత విప్పించి మళ్లీ చేయమంది. మళ్లీ చేశారు.

బయటికొచ్చాక, "మీరు ఎంతమందికి నేర్పి ఉంటారో ఇది!" అన్నాను, నాకే మండిపోయి.

"ఇక్కడి దుప్పట్లు నాకు కొత్తే కదమ్మా," అన్నారు.

ఇక ఆ నోట్‌బుక్ సంగతి. రోజూ సాయంత్రం ఐదున్నరకి, వంట మొదలెట్టే ముందు, బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చునేవారు. ముందు మణికట్టు తిప్పి టైము చూసుకునేవారు. ఇరవై నాలుగు గంటల పద్ధతిలో టైము వేసి, పక్కన ఒకటో రెండో ముక్కలు రాసేవారు. పదినిమిషాల పని. దాచుకునేది కూడా కాదు, అడిగితే చదివి వినిపించేవారు. మొదటిసారి విన్నప్పుడు మేం పడీ పడీ నవ్వాం.

"7:20. ఈమె బస్సు కోసం నిలబడింది. బస్సు రాలేదు. ఈమె ఏడ్చింది, సుమారు మూడు నిమిషాలు. ముక్కు గడ్డకట్టింది. 7:50. బస్సు వచ్చింది. డ్రైవరు గుడ్ మార్నింగ్ అన్నాడు. ఈమె బదులు చెప్పలేదు. 13:00. చపాతీ ఒకటి, సగం. మిగతాది వద్దనుకుంది."

"ఎవరు సిస్టర్ గారూ ఈ 'ఈమె'?" అని అడిగాం.

"ఇంకెవరు? నేనే," అన్నారు. "వార్డులో ప్రతి పేషెంటుకీ చార్టు రాస్తాం. ఏం తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు, ఏం వద్దన్నాడు. ఇక్కడ నేను పార్ట్‌టైమ్ చేసే వృద్ధుల హోమ్‌లో ముసలాళ్లకీ అంతే. వాళ్ల సంగతులు అక్కడే రాసి అక్కడే వదిలి రావాలి, ఇంటికి తేకూడదు. ఇంటి దగ్గర నాకున్నది ఒక్క పేషెంటే. దానికి రాసుకుంటాను."

ఆ చార్టుకి ఆమె పెట్టుకున్న నియమాలున్నాయి. తిట్టు రాయకూడదు. మెచ్చుకోలూ రాయకూడదు. కంటికి కనిపించిందే రాయాలి. "మొండిది అని రాయకూడదమ్మా. స్నానానికి రమ్మంటే రెండుసార్లు వద్దన్నది అని రాయాలి. ఎందుకంటే, రేపు డ్యూటీకొచ్చే పిల్ల 'మొండిది' అని చదివిందనుకో, లోపలికెళ్లి మొండిదాన్నే చూస్తుంది. 'వద్దన్నది' అని చదివితే, నీళ్లు చల్లగా ఉన్నాయేమో అని చెయ్యి పెట్టి చూస్తుంది."

నేను అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. నాకూ ఒక డైరీ ఉంది మరి, తొమ్మిదో తరగతి నుంచీ రాస్తున్నాను. డైరీ గురించి ఒకరు నాకు చెప్పేదేమిటని నా పొగరు.

ఆ ఫిబ్రవరికి నా పరిస్థితి ఏమిటో చెప్పాలి. నేను కాలేజీ మానేశాను. ఎవరికీ తెలియదు. రోజూ ఎనిమిదింటికి బ్యాగు తగిలించుకుని అందరితోపాటు బయలుదేరేదాన్ని. రైలెక్కి, కాలేజీ స్టేషన్ దాటి, మాల్‌లో దిగి, నాలుగింటి దాకా అక్కడి బెంచీల మీద కూర్చునేదాన్ని. జగిత్యాలలో మా బాపు బస్సు డిపోలో మెకానిక్. రోజూ ఫోన్ చేసేవాడు. "క్లాసులు మంచిగ అయితున్నయా బిడ్డా?" అంటే, "మంచిగ అయితున్నయి బాపూ," అనేదాన్ని. టెస్టులో ఎన్ని వచ్చాయంటే ఏదో ఒక అంకె చెప్పేదాన్ని. ఆ అంకె ఆయన డిపోలో అందరికీ చెప్పుకునేవాడు. ఈ టర్మ్ పోతే స్టడీ పర్మిట్ రద్దయి వెనక్కి పంపేస్తారని నాకు తెలుసు. తెలిసే బెంచీ మీద కూర్చునేదాన్ని.

ఒకరోజు సాయంత్రం సిస్టర్ గారు నా పక్కన మెట్టు మీద కూర్చుని, మామూలుగా, "మాల్‌లో హీటర్ బాగా పనిచేస్తుందా?" అని అడిగారు. హోమ్‌కి వెళ్లే దారిలో నన్ను రెండుసార్లు చూశారట.

నాకు ఒళ్లు మండింది. అరిచాను. నా బతుకు నా ఇష్టమన్నాను. అరిచినా ఆమె లేవలేదు. నేను లోపలికెళ్లి నా డైరీ తెచ్చి ఆమె ఒళ్లో పడేశాను. "చదవండి, అన్నీ ఉన్నయి అండ్ల. నేనెంత వేస్టో మొత్తం రాసే ఉంది," అన్నాను.

కళ్లజోడు పెట్టుకుని నాలుగు పేజీలు తీరిగ్గా చదివారు. అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు. నేను ఎందుకూ పనికిరాను. బాపు పరువు తీస్తాను. సోమరిదాన్ని. పిరికిదాన్ని. నాలాంటివాళ్లు పుట్టకూడదు. ఏళ్ల తరబడి అదే. రాసిన ప్రతిసారీ ఇంకాస్త కిందికి దిగేదాన్ని, అయినా మానేదాన్ని కాదు.

డైరీ మూసి అన్నారు. "ఇది చార్టు కాదమ్మా. తిట్లు. నాలుగు పేజీలు చదివాను, ఈ పిల్ల ఏం తిన్నదో ఒక్క ముక్క లేదు. ఈ కాగితం నా చేతికిచ్చి డ్యూటీ ఎక్కమంటే నేనేం చెయ్యను? ఏ మందు ఇవ్వను?"

ఆమె తన సంచిలోంచి కొత్త నోట్‌బుక్ తీసి ఇచ్చారు. "పన్నెండు రోజులు రాయి. 'నేను' అని రాయకు, 'ఈమె' అని రాయి. టైము వెయ్యి. కాలేజీకి వెళ్లమని నేను చెప్పను. మాల్‌లో కూర్చున్నా సరే, కూర్చుంది అని రాయి."

కోపంతోనే మొదలుపెట్టాను. మొదటి రోజు రాసింది ఇంతే. "8:00 బయలుదేరింది. 8:50 మాల్. 12:30 ఏమీ తినలేదు. 16:00 తిరిగొచ్చింది." ఆ తర్వాతా అదే. ఐదో రోజో ఆరో రోజో, రాస్తూ రాస్తూ ఆగిపోయాను. ఎనిమిది నుంచి నాలుగు దాకా ఈ పిల్లతో ఒక్క మనిషీ మాట్లాడలేదు, ఈ పిల్లా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల. నాకు జాలేసింది. పుట్టి బుద్ధెరిగాక నా మీద నాకు జాలి కలగడం అదే మొదలు. తొమ్మిదేళ్లు డైరీ రాసినా అందులో నేను ఎప్పుడూ కనపడలేదు, వేస్టు ఒకర్తే కనపడింది.

పన్నెండో రోజున ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఆమె పెన్సిల్‌తో అక్కడక్కడ చుక్కలు పెడుతూ పోయారు.

"మంగళవారం కడుపునొప్పి. గురువారం కడుపునొప్పి, రైలు కూడా ఎక్కలేదు. మళ్లీ మంగళవారం వాంతి. సోమ, బుధ, శుక్ర ఏం లేదు. బుధవారమైతే కాలేజీ గేటు దాకా వెళ్లి వచ్చావు. మంగళ, గురువారాలు ఏం క్లాసు నీకు?"

"కమ్యూనికేషన్. అందరి ముందు నిలబడి ఇంగ్లీషులో ప్రజెంటేషన్ ఇవ్వాలి." జనవరిలో ఒకసారి నిలబడ్డాను. రెండో వాక్యం దగ్గర మాట పడిపోయింది. వెనక ఎవరో నవ్వారు. అంతే జరిగింది.

"మరి మిగతా మూడు క్లాసులు?"

"అవి వస్తయి నాకు. కానీ ఒకటి ఎగ్గొట్టినంక మిగతావాటికి పోవడానికి మొహం చెల్లలేదు."

"చూశావా, చదువు మొత్తం పోయిందనుకున్నావు. పోయింది ఒక్క క్లాసు," అన్నారు.

మర్నాడు ఆ నోట్‌బుక్ పట్టుకుని నాతో కాలేజీకి వచ్చారు. అడ్వైజర్ గది బయట కుర్చీలో కూర్చున్నారు, లోపలికి మాత్రం నన్నే వెళ్లమన్నారు. ఆ ఒక్క కోర్సు వదిలేస్తే మిగతా మూడింటితో ఫుల్ టైమ్ కిందే ఉంటాను, పర్మిట్ పోదు; కోర్సు వదలడానికి గడువు శుక్రవారం దాకా ఉంది. ఆ రోజు బుధవారం. బయటికొచ్చి చెబితే ఆమె నా భుజం మీద చెయ్యి కూడా వెయ్యలేదు. టైము చూసుకుని, "మూడో నంబరు బస్సుకి నేను డ్యూటీకి పోవాలి," అన్నారు.

నా పని అయిపోయిందనుకున్నాను. శుక్రవారం సాయంత్రం ఆమె అడిగారు, "మరి హ్యాండోవర్ ఎప్పుడు?" అని.

డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సుకి పేషెంట్ల సంగతి నోటితో అప్పజెప్పాలి. దాన్ని హ్యాండోవర్ అంటారట. "రాసుకుని ఊరుకుంటే సగం పనే. ఒకరికి చెప్పాలి. చెప్పకుండా దిగిపోతే ఇంటికెళ్లినా వార్డు నీ నెత్తి మీదే ఉంటుంది. మీ నాన్నగారికి చెప్పు."

చస్తే చెప్పనన్నాను. ఆమె వాదించలేదు. "చదివితే చాలు. చెప్పక్కర్లేదు, ఉన్నది చదువు," అన్నారు.

శనివారం పొద్దున ఏడున్నరకి, అక్కడ రాత్రి భోజనాల వేళకి, బాపుకి ఫోన్ చేశాను. సిస్టర్ గారు రెండు మెట్ల పైన నాకు వీపు తిప్పి కూర్చున్నారు. "బాపూ, ఒకటి చదువుత, విను," అని మొదలుపెట్టాను. ఈమె బయలుదేరింది. ఈమె మాల్‌లో కూర్చుంది. ఈమె ఏమీ తినలేదు.

బాపు కాసేపు విని, "ఎవరు బిడ్డా ఈ పిల్ల? మీ రూంల ఉంటదా?" అన్నాడు.

"ఊఁ," అన్నాను.

"ఇంట్ల చెప్పలేదా మరి?"

"చెప్పలేదు."

"పాపం, భయపడ్డట్టున్నది. వాళ్ల నాయిన కోపిష్టోడా?"

"కాదు బాపూ. మంచోడే."

అవతల బాపు మా అమ్మను దగ్గరికి పిలవడం వినిపించింది.

"ఎర్కయింది బిడ్డా," అన్నాడు. "ఇంకెన్ని దినాలున్నయి అండ్ల? అన్నీ చదువు. ఇంటున్న."

పన్నెండు రోజులూ చదివాను. ఆయన తిట్టలేదు. ప్రతి రోజు దగ్గరా ఆపి ఒకటే అడిగాడు, పగటిపూట ఏం తిన్నవని. అవతల మా అమ్మ ఏడవడం వినిపించింది. అప్పటి నుంచి బాపుకి నేను అబద్ధం అంకెలు చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక సిస్టర్ గారు కిందికి దిగి నా పక్కన కూర్చున్నారు. బాగా చేశావనో, దేవునికి స్తోత్రమనో అంటారనుకున్నాను. ఆమె తన నోట్‌బుక్ తెరిచారు. "నాదీ తీసుకుంటావా? ఇక్కడ ఇచ్చేందుకు నాకెవరూ లేరు," అన్నారు.

అప్పుడు చదివారు. ఊళ్లో వాళ్ల చర్చిలో భర్త లేచి నిలబడి, నా భార్య కెనడాలో పెద్ద ఆసుపత్రిలో నర్సు అని సాక్ష్యం చెప్పారట. సంఘమంతా లేచి ప్రార్థన చేశారట. ఆయనకి అలా చెప్పింది ఈమే. క్లాసులో దుప్పటి మూల మడత విప్పించిన రోజున ఈమె బాత్రూంలో తలుపేసుకుని పదకొండు నిమిషాలు ఉంది. తిరుగు టికెట్ల కోసం ఫోన్లో వెతికింది. పన్నెండు రోజులు కాదు, రెండు నెలలు చదివారు. అన్నం సగం తిన్నది, సగం తిన్నది, సగం తిన్నది. మా అందరికీ బీట్‌రూట్ వడ్డించిన రోజులవి. మేమెవరమూ ఆమె కంచం వైపు చూడలేదు.

ఇరవై రెండేళ్ల దాన్ని. "ఇప్పుడేం చెయ్యాలి సిస్టర్ గారూ?" అన్నాను.

"ఏం చెయ్యక్కర్లేదు. విన్నావు కదా," అన్నారు. లోపలికెళ్లి, పట్టపగలు, దుప్పటి కప్పుకుని సాయంత్రం దాకా పడుకున్నారు. ఆమె పగలు పడుకోవడం అంతకు ముందు మేం చూడలేదు.

భర్తకి ఆ వారమే చెప్పారు. చర్చిలో లేచి సరిదిద్ది చెప్పమని కూడా అడిగారు. మొదటి ఆదివారం ఆయన లేవలేదట. రెండో ఆదివారం లేచారట. తర్వాత ఆమె కోర్సు పూర్తయి కాల్గరీలో ఒక హోమ్‌లో ఉద్యోగం వచ్చింది, ఇంకొన్నేళ్లకి భర్త కూడా వచ్చారు. నేను ఎడ్మంటన్‌లోనే ఉండిపోయాను. మొదట్లో వారం వారం మాట్లాడుకునేవాళ్లం. తర్వాత పండగలకి. తర్వాత గ్రూపులో పువ్వుల బొమ్మలు.

చార్టు మాత్రం నేను మానలేదు. రోజూ రాస్తాను, పడుకునే ముందు. ఉద్యోగం పోయినప్పుడు రాశాను, పెళ్లి కుదిరినప్పుడు రాశాను. రాసినందువల్ల ఏ కష్టమూ రాకుండా పోలేదు. కానీ వచ్చిన కష్టం ఎంతుందో అంతే కనపడింది, కొండంతై కూర్చోలేదు. నా మీద నేను అరవడం మానేశాను. ఇంతకన్నా ఆ నోట్‌బుక్ నాకు చేసిన మేలు చెప్పలేను.

మొన్న మంగళవారం ఇంటికొచ్చాక పోయిన సంవత్సరం నోట్‌బుక్ తీశాను. విజయవాడ అమ్మాయి ఫోన్లో చెప్పింది, ఆమెకి జబ్బు బయటపడింది సెప్టెంబరులో అని. ఆ నెలలో ఏదో జరిగినట్టు నాకు లీలగా గుర్తుంది, ఎంత ఆలోచించినా తేలలేదు. పేజీలు తిప్పాను. దొరికింది. నా చేతిరాతే.

"14:05. సిస్టర్ గారి ఫోన్. ఖాళీగా ఉన్నావా, ఒక పది నిమిషాలు అన్నారు. గొంతు బొంగురుగా ఉంది. ఈమె మీటింగ్‌లో ఉంది. సాయంత్రం చేస్తానంది. 18:30. చపాతీలు రెండు, కూర. 22:15. పడుకుంది."

ఆ పక్కన నా పాత డైరీలోని మాట ఒకటి రాయబోయాను. పెన్ను ఆనించాను కూడా. రాయలేదు. తర్వాతి రోజు పేజీ తిప్పాను, ఆ తర్వాతిది తిప్పాను. ఆ వారమంతా చదివాను, ఆ నెలంతా చదివాను, డిసెంబరు చివరి దాకా చదివాను. ఈమె తిరిగి ఫోన్ చేసినట్టు ఎక్కడా లేదు.